విద్యుద్విశ్లేషణలో అర్ధ సమీకరణాలు: మీ అమ్మాయి తప్పు ఎక్కడ మొదలైంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పాప ఐసీఎస్‌ఈలో పదో తరగతి. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు పంపితే ఆనోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే వైపు) దగ్గర ఏం జరుగుతుందో సమీకరణం రాయమన్నారు. సల్ఫేట్ అయాన్ రెండు ఎలక్ట్రాన్లు వదులుకున్నట్టు రాసింది, మార్కు పోయింది. దానితోపాటు ఇంకో రెండు సందేహాలు అడిగారు. ఒక పుస్తకంలో ఎలక్ట్రాన్లను బాణానికి ఎడమవైపు మైనస్ పెట్టి రాశారు, ఇంకోదాంట్లో కుడివైపు ప్లస్ పెట్టి రాశారు, ఏది కరెక్ట్? అల్యూమినియం దగ్గర ఎలక్ట్రాన్లు ఒకచోట మూడు, ఒకచోట నాలుగు, ఇంకోచోట పన్నెండు ఎలా అయ్యాయి? మీరు బీఎస్సీ చదివి ఇరవయ్యేళ్లు దాటింది కాబట్టి చెప్పలేకపోతున్నానని రాశారు. ఫర్వాలేదమ్మా. నేను జూనియర్ కాలేజీలో ముప్పయ్యేళ్లు కెమిస్ట్రీ చెప్పి, కట్టలకు కట్టలు పేపర్లు దిద్దినవాణ్ణి. పాప చేసిన తప్పు నాకు పాత చుట్టమే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇక్కడ సంకేతాలకు బదులు పేర్లే రాస్తున్నాను. రాగి²⁺ అంటే రెండు ధనావేశాలున్న రాగి అయాన్, క్లోరైడ్⁻ అంటే ఒక ఋణావేశం ఉన్న క్లోరైడ్ అయాన్. పరీక్షలో పాప సంకేతాలతోనే రాయాలి. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ల చేత నేనెప్పుడూ ముందు పేర్లతోనే రాయిస్తాను. సంకేతాలు చూడగానే పిల్లలు అది లెక్కల సబ్జెక్టు అనుకుని, అంకెలు సరిపెట్టడం మొదలుపెడతారు. గిన్నెలో ఏం జరుగుతోందో ఆలోచించడం అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు పాప రాసింది చూద్దాం. ఒక్క ఎలక్ట్రోడ్ దగ్గర జరిగేదాన్ని మాత్రమే చెప్పే ఇలాంటి సమీకరణాన్నే అర్ధ సమీకరణం అంటారు.

సల్ఫేట్²⁻ → సల్ఫేట్ + 2 ఎలక్ట్రాన్లు

పరమాణువుల లెక్క సరిపోయింది. ఆవేశం లెక్క కూడా సరిపోయింది: ఎడమవైపు మైనస్ రెండు, కుడివైపు మైనస్ రెండు. మరి మార్కు ఎందుకు పోయింది? అది జరగదు కాబట్టి. సమీకరణం తుల్యం అయిందంటే లెక్క కుదిరిందని మాత్రమే అర్థం, ఆ చర్య జరిగిందని కాదు. పాపకు లెక్క వచ్చు. తప్పు అంతకంటే ముందు మొదలైంది. ఆ గిన్నెలో ఎవరెవరు ఉన్నారు, వాళ్లలో ముందుగా ఎవరు ఎలక్ట్రాన్లు ఇస్తారు అని అడగకుండానే పెన్ను పెట్టింది. ఇవి రెండు వేర్వేరు పనులు. ఎవరు డిశ్చార్జ్ అవుతారో (ఆవేశం పోగొట్టుకుంటారో) తేల్చడం కెమిస్ట్రీ. దాన్ని కాగితం మీద పెట్టడం జమాఖర్చు. మొదటిది తేలకుండా రెండోది ఎంత శుభ్రంగా రాసినా లాభం లేదు.

అందుకే మొదట కెమిస్ట్రీ సందేహమే లేని చోట జమాఖర్చు నేర్పించండి. దానికి మీ సిలబస్‌లోనే మంచి ఉదాహరణ ఉంది: గలన (వేడితో ద్రవంగా మార్చిన) లెడ్ బ్రోమైడ్. మూసలో తెల్లటి పొడి వేసి సుమారు 370 డిగ్రీల సెల్సియస్ దాటే వరకు వేడిచేస్తారు. పొడిగా ఉన్నంతసేపూ బల్బు వెలగదు. అది ద్రవం కాగానే వెలుగుతుంది. ఆనోడ్ దగ్గర ఎర్రటి గోధుమరంగు పొగ లేస్తుంది, కాథోడ్ (ఎలక్ట్రాన్లు తీసుకునే వైపు) దగ్గర సీసం ద్రవంగా చేరి అడుక్కి దిగుతుంది. (సీసం, బ్రోమిన్ రెండూ విషమే. ఇది ల్యాబ్‌లో, పొగ బయటికి లాగే గూట్లో మాత్రమే చేసే పని. ఇంట్లో ఆలోచన కూడా వద్దు.) ఇక్కడ నీళ్లు లేవు. ఉన్నవి రెండే: సీసం²⁺, బ్రోమైడ్⁻. ఎవరు ఎటు వెళ్తారన్న సందేహమే లేదు.

కాథోడ్ దగ్గర సీసం అయాన్ సీసం అయింది. పరమాణువులు అటొకటి, ఇటొకటి. ఆవేశం ఎడమవైపు ప్లస్ రెండు, కుడివైపు సున్నా. రెండూ సమానం కావాలంటే ఎడమవైపుకు రెండు మైనస్‌లు తేవాలి. ఎలక్ట్రాన్ అంటేనే ఒక మైనస్.

సీసం²⁺ + 2 ఎలక్ట్రాన్లు → సీసం

ఆనోడ్ దగ్గర పొగ రూపంలో కనిపించింది బ్రోమిన్ అణువు, అంటే జంట. కాబట్టి ఎలక్ట్రాన్ల జోలికి పోకముందే ఎడమవైపు బ్రోమైడ్లు రెండు పెట్టాలి. అప్పుడు ఎడమవైపు ఆవేశం మైనస్ రెండు. కుడివైపు బ్రోమిన్‌కు ఆవేశం లేదు, అక్కడ రెండు ఎలక్ట్రాన్లు రావాలి.

2 బ్రోమైడ్⁻ → బ్రోమిన్ అణువు + 2 ఎలక్ట్రాన్లు

వరుస గమనించండి: ముందు పరమాణువులు, తర్వాతే ఆవేశం. పిల్లలు దీన్ని తిరగేస్తారు. బ్రోమైడ్ మీద ఒక మైనస్ కనిపించగానే కుడివైపు ఒక ఎలక్ట్రాన్ రాసేస్తారు. తర్వాత బ్రోమిన్ జంట అని గుర్తొస్తుంది, ఎడమవైపు రెండు చేస్తారు, ఎలక్ట్రాన్ మాత్రం ఒకటే మిగిలిపోతుంది. నేను దిద్దిన పేపర్లలో ఆనోడ్ దగ్గర పోయిన మార్కుల్లో చాలా భాగం ఇలాగే పోయాయి. ఇంకో రకం తప్పు కూడా ఉంది. బ్రోమిన్ గుర్తుకు ముందు పెద్దగా రాయాల్సిన 2ను కింద చిన్నగా రాసి, పైన మైనస్ పెడతారు. ముందు 2 రాస్తే రెండు విడివిడి అయాన్లు. కింద 2 రాస్తే రెండూ అతుక్కుపోయిన ఒకే అయాన్. అలాంటిది ఆ మూసలో లేదు.

ఆనోడ్, కాథోడ్ గందరగోళం గురించి మీరు అడగలేదు కానీ చెప్పేస్తాను, ఎందుకంటే మన భాషలో దీనికి తేలికైన గుర్తు ఉంది. ఆనోడ్‌లో ఆక్సీకరణం (ఎలక్ట్రాన్లు వదులుకోవడం): రెండూ 'ఆ'తోనే. కాథోడ్‌లో క్షయకరణం (ఎలక్ట్రాన్లు తీసుకోవడం): రెండూ 'క'తోనే. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు కూడా నేను ఇదే చెప్పేవాణ్ణి, నవ్వుకుంటూ రాసుకునేవాళ్లు, మర్చిపోయేవాళ్లు కాదు. ప్లస్, మైనస్‌లను బట్టి మాత్రం గుర్తుపెట్టుకోనివ్వకండి. విద్యుద్విశ్లేషణలో ఆనోడ్ ప్లస్ నిజమే, కానీ ఇంటర్ రెండో ఏడాదిలో గాల్వానిక్ సెల్ (రసాయన చర్యతో కరెంటు ఇచ్చే సెల్) వచ్చేసరికి ఆనోడ్ మైనస్ అవుతుంది, పిల్లలు అక్కడ బోల్తా పడతారు. 1834లో మైకేల్ ఫారడే ఈ పేర్లు పెట్టినప్పుడు కూడా ప్లస్, మైనస్‌ల ఊసు లేదు. కేంబ్రిడ్జ్ పండితుడు విలియం వ్యూవెల్‌ను అడిగి గ్రీకు మాటలు తెచ్చుకున్నాడు: ఆనోడ్ అంటే పైకి దారి, కాథోడ్ అంటే కిందికి దారి, అయాన్ అంటే వెళ్లేది.

ఇక రెండు పుస్తకాల గొడవ. ఒక పుస్తకం ఇలా రాసింది:

క్లోరైడ్⁻ − ఎలక్ట్రాన్ → క్లోరిన్ పరమాణువు

ఇంకోటి ఇలా:

క్లోరైడ్⁻ → క్లోరిన్ పరమాణువు + ఎలక్ట్రాన్

రెండూ ఒకటే. మొదటిది "దీన్నుంచి ఎలక్ట్రాన్ తీసేస్తే" అని చెబుతోంది, రెండోది "ఎలక్ట్రాన్ బయటికొచ్చింది" అని చెబుతోంది. బీజగణితంలో ఒక పదాన్ని అటు నుంచి ఇటు తెస్తే గుర్తు మారినట్టే. కానీ నన్నడిగితే రెండోదే అలవాటు చేయిస్తాను. మొదటి పద్ధతిలో పిల్లలు మూడు మైనస్‌లు చూసి తడబడతారు: అయాన్ మీద ఒక మైనస్, ఎలక్ట్రాన్ ముందు ఒక మైనస్, ఎలక్ట్రాన్ తల మీద ఇంకో మైనస్. పైగా కొందరు రెండు పద్ధతులనూ కలిపేసి కుడివైపు మైనస్ పెట్టేస్తారు, అది తప్పే. రెండో పద్ధతిలో ఒకటే సూత్రం: ఎలక్ట్రాన్ల ముందు ఎప్పుడూ ప్లస్సే. కాథోడ్ అయితే బాణానికి ఎడమవైపు, ఆనోడ్ అయితే కుడివైపు. పాప స్కూల్లో మొదటి పద్ధతే వాడుతుంటే మార్పించక్కర్లేదు, ఒక పేపర్లో ఒకే పద్ధతి వాడితే చాలు.

ఒక చిన్న విషయం. పుస్తకంలో క్లోరిన్ పరమాణువు దగ్గర ఆగి, కింద ఇంకో వరుసలో "రెండు పరమాణువులు కలిసి అణువు" అని రాస్తారు. అది రెండు మెట్లలో రాసే పద్ధతి. ఒకే మెట్టులో రాస్తే నేను పైన బ్రోమిన్‌కు రాసినట్టు రెండు అయాన్లతో మొదలవుతుంది. మొదటి మెట్టు మాత్రమే రాసి వదిలేస్తే అసంపూర్తి.

ఇప్పుడు అసలు చోటికొద్దాం. తెలుగులో ఒక చిక్కు ఉంది, దాన్ని నేను చాలా ఆలస్యంగా గమనించాను. మనం "మైనం కరిగింది" అంటాం, "ఉప్పు నీళ్లలో కరిగింది" అని కూడా అంటాం. రెండింటికీ ఒకటే మాట. ఇంట్లో తెలుగులో ఆలోచించే పిల్లలకు కరిగిన లెడ్ బ్రోమైడ్, కరిగిన కాపర్ సల్ఫేట్ ఒకేలా వినిపిస్తాయి. అందుకే రెండింట్లోనూ రెండే రకాల అయాన్లు ఉన్నాయనుకుంటారు. పుస్తకాల్లో ఒకదాన్ని గలనం, ఇంకోదాన్ని ద్రావణం అని విడదీసింది ఇందుకే. ద్రావణం అనే మాట ప్రశ్నలో కనిపిస్తే నీళ్లు కూడా బరిలో ఉన్నాయని అర్థం. జలద్రావణం అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీయమనండి, సగం పని అయిపోయినట్టే.

కాబట్టి కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఎవరున్నారు? రాగి²⁺, సల్ఫేట్²⁻, వీటితోపాటు నీళ్లు. నీటి అణువుల్లో చాలా కొద్ది మాత్రమే హైడ్రోజన్⁺, హైడ్రాక్సైడ్⁻ అయాన్లుగా విడిపోయి ఉంటాయి. ఎంత కొద్ది అంటే, మామూలు గది వేడి దగ్గర శుద్ధమైన నీటిలో సుమారు 55 కోట్ల అణువులకు ఒకటి.

కాథోడ్ దగ్గరికి రాగి, హైడ్రోజన్ వస్తాయి. క్రియాశీలత వరుసలో (చురుకైనవి పైన వచ్చేలా పేర్చిన పట్టికలో) రాగి హైడ్రోజన్ కంటే కింద ఉంది, అంటే ఎలక్ట్రాన్లు తీసుకోవడానికి ముందుంటుంది. రాగి పూత పడుతుంది.

రాగి²⁺ + 2 ఎలక్ట్రాన్లు → రాగి

ఆనోడ్ దగ్గర సల్ఫేట్, నీళ్లు. సల్ఫేట్ ఎందుకు ఇవ్వదు? దాని మధ్యలో ఉన్న సల్ఫర్‌కు బయటి కక్ష్యలో ఉండేవి ఆరు ఎలక్ట్రాన్లు, ఆ ఆరూ ఇప్పటికే ఆక్సిజన్ల వైపు లాగబడ్డాయి. దాని ఆక్సీకరణ స్థితి +6, అంతకంటే పైకి పోవడానికి సల్ఫర్ దగ్గర ఏమీ మిగల్లేదు. చల్లటి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో గట్టి కరెంటు పంపితే సల్ఫేట్‌ను కూడా లొంగదీయవచ్చు, పెరాక్సీడైసల్ఫేట్ వస్తుంది, కానీ అది పదో తరగతి గిన్నె కాదు. ఇక్కడ నీళ్ల వంతే ముందు. మీ సిలబస్ పుస్తకాల్లో దీన్ని హైడ్రాక్సైడ్‌తో రాస్తారు:

4 హైడ్రాక్సైడ్⁻ → 2 నీటి అణువులు + ఆక్సిజన్ అణువు + 4 ఎలక్ట్రాన్లు

ఇంటర్‌కు వెళ్తే ఇలా కనిపిస్తుంది:

2 నీటి అణువులు → ఆక్సిజన్ అణువు + 4 హైడ్రోజన్⁺ + 4 ఎలక్ట్రాన్లు

పరీక్షకు మొదటిదే రాయండి, పుస్తకంలో ఉన్నది అదే. కానీ రెండోది ఒక విషయం సూటిగా చెబుతుంది. ఈ ప్రయోగంలో నీలం రంగు మెల్లగా పలచబడి, చివరకు గిన్నెలో సల్ఫ్యూరిక్ ఆమ్లం మిగులుతుంది. ఆ ఆమ్లం ఎక్కడిది అని పిల్లలు అడుగుతారు. రెండో సమీకరణంలో హైడ్రోజన్ అయాన్లు కళ్లముందే పుడుతున్నాయి, సల్ఫేట్ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. మొదటి సమీకరణం నుంచి కూడా ఇది రాబట్టవచ్చు (హైడ్రాక్సైడ్ ఖర్చయినకొద్దీ దాని జంట హైడ్రోజన్ మిగిలిపోతుంది), కానీ ఒక మెట్టు ఎక్కువ ఆలోచించాలి. నిజానికి ఆమ్లంగా మారిన గిన్నెలో హైడ్రాక్సైడ్లు దాదాపు ఉండవు. కాబట్టి జరుగుతున్నదానికి రెండోదే దగ్గర.

అదే ద్రావణంలో ప్లాటినం తీసేసి రాగి పలకలే పెడితే కథ మారిపోతుంది. ఆనోడ్ దగ్గర ఇప్పుడు మూడో అభ్యర్థి ఉన్నాడు: ఆ పలకే. నీళ్ల కంటే అది సులభంగా ఎలక్ట్రాన్లు ఇస్తుంది.

రాగి → రాగి²⁺ + 2 ఎలక్ట్రాన్లు

ఒక పలక అరుగుతుంది, ఇంకోటి మందమవుతుంది, నీలం రంగు మారదు. రాగి శుద్ధి చేసేది ఇలాగే. అడుగున పేరుకునే మడ్డిలో వెండి, బంగారం కూడా దొరుకుతాయి. కాబట్టి ప్రశ్నలో ఎలక్ట్రోడ్ దేనితో చేశారో కూడా గీత గీయాల్సిందే. ప్లాటినం, గ్రాఫైట్ అంటే అవి పక్కన నిలబడి చూసేవాళ్లు. రాగి, వెండి, నికెల్ ఆనోడ్‌గా ఉంటే అవే ఆడేవాళ్లు.

ఇదంతా కాగితం మీద చెబితే పాపకు ఎంత ఎక్కుతుందో తెలియదు. ఇంట్లో పావుగంటలో చేసే పని ఒకటి చెబుతాను. గాజు గ్లాసులో నీళ్లు, ఒక చెంచా ఉప్పు, చిటికెడు పసుపు కలపండి. రెండు పెన్సిళ్లను రెండు వైపులా చెక్కి, ఒక వైపు ములుకులు నీళ్లలో ఒకదానికొకటి తగలకుండా దించి, పై వైపు ములుకులకు తీగలు చుట్టి తొమ్మిది వోల్టుల బ్యాటరీకి కలపండి. ఇంటి ప్లగ్గు కరెంటు జోలికి మాత్రం పోవద్దు. స్టీలు చెంచాలను ఎలక్ట్రోడ్లుగా వాడకండి, వాటిలోని ఇనుము, క్రోమియం కరిగి నీళ్లలోకి వస్తాయి. కిటికీ తెరిచి పెట్టి, నాలుగైదు నిమిషాల్లో ఆపేయండి.

బ్యాటరీ మైనస్‌కు కలిపిన పెన్సిల్ చుట్టూ సన్నటి బుడగలు వస్తూ, ఆ చుట్టుపక్కల పసుపు నీళ్లు ఎర్రబడతాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా తేలినట్టు. క్షారం తగిలితే పసుపు చేసే పనే అది. మరి మనం క్షారం ఏదీ వేయలేదు కదా, ఎక్కడి నుంచి వచ్చింది? ఉప్పులో సోడియం ఉంది, కానీ నీళ్లలో సోడియంకు ఎలక్ట్రాన్ అందదు, దానికంటే ముందు నీళ్లే తీసుకుంటాయి.

2 నీటి అణువులు + 2 ఎలక్ట్రాన్లు → హైడ్రోజన్ అణువు + 2 హైడ్రాక్సైడ్⁻

బుడగలు ఈ సమీకరణంలో హైడ్రోజన్, ఎరుపు ఈ సమీకరణంలో హైడ్రాక్సైడ్. "2 హైడ్రోజన్⁺ + 2 ఎలక్ట్రాన్లు → హైడ్రోజన్ అణువు" అని రాసినా పదో తరగతికి సరిపోతుంది, కానీ ఎరుపు ఎందుకో అది చెప్పదు. ప్లస్‌కు కలిపిన పెన్సిల్ దగ్గర బుడగలు తక్కువగా వస్తాయి, కాసేపటికి మంచినీళ్ల కుళాయిలో వచ్చే బ్లీచింగ్ వాసన తెలుస్తుంది, పసుపు రంగు అక్కడ వెలిసిపోతుంది. క్లోరిన్. రెండు క్లోరైడ్లు రెండు ఎలక్ట్రాన్లను ఇచ్చి ఒక అణువైన లెక్క పాపే రాస్తుంది, బ్రోమిన్ లెక్కే కదా.

ఇక్కడ చురుకైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. క్లోరైడ్, హైడ్రాక్సైడ్ రెండూ ఉంటే పుస్తకంలోని వరుస ప్రకారం హైడ్రాక్సైడ్ ముందు పోవాలి కదా, ఆక్సిజన్ రావాలి కదా? ఉప్పు బాగా పలచగా ఉంటే ఆక్సిజనే ఎక్కువ. గాఢంగా ఉంటే క్లోరిన్. ప్రమాణ పొటెన్షియల్ లెక్కలో నీటికి 1.23 వోల్టులు, క్లోరైడ్‌కు 1.36. నీళ్లదే సులువైన దారి అనిపిస్తుంది. కానీ నాలుగు ఎలక్ట్రాన్లు వదిలి, బంధాలు తెంచి, కొత్త బంధం కట్టే ఆ పని ఎలక్ట్రోడ్ మీద మందకొడిగా సాగుతుంది, దాన్ని తోయడానికి పైన ఇంకొంత వోల్టేజి కావాలి. ఆ సందులో క్లోరైడ్ ముందుకు దూరుతుంది. ఈ వివరణ ఇంటర్‌కు. పదో తరగతికి 'గాఢ', 'విలీన' అన్న మాటలు గమనిస్తే చాలు.

ఇలాంటిదే జింక్ విషయం. క్రియాశీలత వరుసలో జింక్ హైడ్రోజన్ కంటే పైనుంది కాబట్టి దాని ద్రావణం నుంచి హైడ్రోజనే రావాలని పుస్తకం చెబుతుంది. కానీ పరిశ్రమల్లో జింక్ సల్ఫేట్ ద్రావణం నుంచే జింక్‌ను రేకులుగా తీస్తారు, విశాఖలో దశాబ్దాలపాటు నడిచిన జింక్ కర్మాగారం పని కూడా అదే. జింక్ ఉపరితలం మీద హైడ్రోజన్ పుట్టడానికి చాలా ఇబ్బంది పడుతుంది, ఆ ఇబ్బందే జింక్‌కు కలిసొచ్చింది. పాప ఎక్కడో చదివి అడిగితే "పుస్తకం తప్పు" అనకండి, "వరుస మొదటి అంచనా మాత్రమే" అనండి.

ఇప్పుడు అల్యూమినియం. దీన్ని దాని ఆక్సైడ్ అయిన అల్యూమినా నుంచి, గలన స్థితిలో తీస్తారు. మూడు, నాలుగు, పన్నెండు. మూడూ నిజమే.

అల్యూమినియం³⁺ + 3 ఎలక్ట్రాన్లు → అల్యూమినియం

2 ఆక్సైడ్²⁻ → ఆక్సిజన్ అణువు + 4 ఎలక్ట్రాన్లు

ఈ రెండోది రాయడంలో నేనే తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, బోర్డు మీద ఆక్సైడ్లు రెండు వేసి, ఆక్సైడ్ మీద ఉన్న 2 చూసి ఎలక్ట్రాన్లు కూడా రెండే వేశాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, ఎడమవైపు మైనస్ నాలుగు, కుడివైపు మైనస్ రెండు" అంది. క్లాసంతా నిశ్శబ్దం. డస్టర్ తీసుకుని తుడిచాను. ఆ తర్వాత ఏ సమీకరణం రాసినా బాణం కింద రెండు వైపులా మొత్తం ఆవేశం చిన్నగా రాసి సరిచూసుకోవడం నాకు అలవాటైంది. పాపకు కూడా అదే అలవాటు చేయండి, పెన్సిల్‌తో రాసి తుడిచేయవచ్చు. రెండు వైపులా సున్నాయే రావాలని లేదు, రెండు వైపులా ఒకటే రావాలి. పై రెండో దానిలో మైనస్ నాలుగు, మైనస్ నాలుగు.

పన్నెండు ఎక్కడిదంటే, రెండు అర్ధ సమీకరణాలను కలిపి పూర్తి సమీకరణం రాయమన్నప్పుడు. కాథోడ్ తీసుకున్నన్ని ఎలక్ట్రాన్లనే ఆనోడ్ ఇస్తుంది, తీగలో ఎక్కువా తక్కువా ఉండవు. మూడుకు, నాలుగుకు కసాగు పన్నెండు. పైదాన్ని నాలుగుతో, కిందిదాన్ని మూడుతో గుణించి కలిపితే ఎలక్ట్రాన్లు రెండు వైపులా కొట్టుకుపోతాయి:

4 అల్యూమినియం³⁺ + 6 ఆక్సైడ్²⁻ → 4 అల్యూమినియం + 3 ఆక్సిజన్ అణువులు

అర్ధ సమీకరణం మాత్రమే అడిగినప్పుడు పన్నెండు రాయక్కర్లేదు. పాప చూసిన పుస్తకంలో కలపడానికి సిద్ధంగా గుణించి రాసుంటారు. ఇంకో మాట, ఇక్కడ ఆనోడ్లు కార్బన్. సుమారు 950 డిగ్రీల వేడిలో పుట్టిన ఆక్సిజన్ దాన్నే కాల్చి కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది, అందుకే ఆ ఆనోడ్లను తరచూ మార్చాలి. అడిగితే అది విడిగా ఒక వరుసలో రాయాలి, అర్ధ సమీకరణంలో ఇరికించకూడదు. ఈ పద్ధతిని 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూల్ట్ ఒకరికొకరు తెలియకుండా కనిపెట్టారు, ఇద్దరూ 1863లో పుట్టినవాళ్లే. మన పక్కనే ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వి, దామన్‌జోడిలో అల్యూమినా చేసి, అంగుల్‌లో ఈ రెండు సమీకరణాలనే రాత్రీపగలూ నడిపిస్తున్నది ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో. ఎగుమతి చేసే అల్యూమినా మన విశాఖ రేవు నుంచే వెళ్తుంది.

ఎలక్ట్రాన్ల సంఖ్య కచ్చితంగా ఉండాలని ఎందుకు ఇంత పట్టుదల అంటారా? పదో తరగతిలో అది ఒక మార్కు. ఇంటర్‌లో ఫారడే నియమాలు వచ్చాక లెక్క మొత్తం దాని మీదే నిలుస్తుంది. ఒక ఆంపియర్ కరెంటును 32 నిమిషాల 10 సెకన్లు పంపారనుకోండి. అంటే 1930 సెకన్లు, 1930 కూలుంబ్‌లు. ఒక మోల్ ఎలక్ట్రాన్లకు సుమారు 96,500 కూలుంబ్‌లు కాబట్టి ఇది 0.02 మోల్. ఇదే కరెంటుతో వెండి అయాన్లకు ఒక్కో ఎలక్ట్రాన్ చాలు, 0.02 మోల్ వెండి, 2.16 గ్రాములు. రాగికి రెండేసి కావాలి, 0.01 మోల్, 0.635 గ్రాములు. అల్యూమినియంకు మూడేసి, వచ్చేది 0.18 గ్రాములే. అర్ధ సమీకరణంలో అంకె తప్పితే ఇవన్నీ తప్పుతాయి, అదీ రెట్టింపో సగమో అయ్యేంతగా.

పాప ఆ ప్రశ్నను మళ్లీ రాసేటప్పుడు మీరు పక్కన కూర్చుని రెండే అడగండి: ఇది గలనమా, ద్రావణమా? ఆనోడ్ దేనితో చేసింది? జవాబు చెప్పాకే పెన్ను ముట్టుకోమనండి.

సాధనకు ఒకటి ఇస్తాను. నికెల్ సల్ఫేట్ ద్రావణంలో నికెల్ కడ్డీ ఆనోడ్, పూత పట్టాల్సిన ఇత్తడి తాళంచెవి కాథోడ్. నికెల్ అయాన్ ఆవేశం 2+. రెండు అర్ధ సమీకరణాలు రాసి, గంట తర్వాత ద్రావణం ఆకుపచ్చ రంగు పలచబడుతుందా లేదా చెప్పమనండి. తర్వాత ఆ నికెల్ కడ్డీ స్థానంలో ప్లాటినం పెడితే జవాబులో ఏ వరుస మారుతుందో అడగండి. పాప రాసింది ఇక్కడ పెడితే చూస్తాను.